బడికి సెలవిచ్చారు, మరి రేపటి పరీక్ష?
ప్రాథమిక తరగతుల పరీక్షల తేదీ మార్చాల్సి వస్తే ఏం చేయాలి

రాత్రి తొమ్మిదింటికి ఫోను టింగుమంటుంది. భారీ వర్షాల వల్ల రేపు జిల్లాలో బడులన్నిటికీ సెలవని కలెక్టరు గారి ప్రకటన. పిల్లలు గంతులేస్తారు. మీరు మాత్రం మంచం మీద లేచి కూచుంటారు. రేపు ఫార్మేటివ్ (ఎఫ్‌ఏ), అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న మదింపులో లెక్కల పరీక్ష. ప్రశ్నపత్రాల కట్ట బడి బీరువాలో ఉంది. ఆ బీరువా ఉన్న గది కిటికీ సరిగ్గా పడదు.

విజయవాడ, గుంటూరుల్లో ప్రాథమిక బడి నడిపే వాళ్ళకు ఇది ఏడాదికోసారైనా తప్పని రాత్రి. పాతికేళ్ళ సర్వీసులో నాకూ చాలాసార్లు వచ్చింది. కొత్తగా హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడి) కుర్చీలోనో, ఇన్‌ఛార్జి బాధ్యతలోనో కూచున్న ఎస్‌జీటీల (ప్రాథమిక తరగతుల టీచర్ల) కోసం ఇది రాస్తున్నాను. చిన్న ప్రైవేటు బడి నడిపేవాళ్ళకూ చాలావరకు పనికొస్తుంది. నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. తేదీ ఎటు జరిగినా పెద్ద నష్టం లేదు. పక్క బడి పిల్లాడిని కొలిచిన గజంబద్దతోనే మీ పిల్లాడినీ కొలవాలి, గొడవంతా అక్కడే.

ముందు ఒక ప్రశ్న: ఆ పరీక్ష ఎవరిది?

తేదీ మార్చే అధికారం మీకుందా లేదా అన్నది దీన్నిబట్టే తేలుతుంది. ఫార్మేటివ్‌లో నాలుగు భాగాలుంటాయని మీకు తెలుసు: పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. వీటిలో ఒక తేదీకి కట్టుబడేది చివరిదే. మిగిలిన మూడూ మీ తరగతి గదిలో రోజూ జరిగేవే కాబట్టి వానకు వాయిదా పడవు. సెలవు రాగానే "ఎఫ్‌ఏ మొత్తం ఆగిపోయింది" అని బెంబేలెత్తకండి, ఆగింది లఘు పరీక్ష ఒక్కటే.

ఆ లఘు పరీక్ష పేపరు మీరే తయారుచేసుకున్నదైతే తేదీ మీ ఇష్టం. పైనుంచి వచ్చిన ఉమ్మడి పేపరైతే, అది ఓఎంఆర్ షీటయినా (గుండ్రాలు నింపితే యంత్రం దిద్దేది), అసెస్‌మెంట్ పుస్తకంలో రాయించేదైనా, సమ్మేటివ్ (ఎస్‌ఏ అనే పెద్ద పరీక్ష) అయినా, తేదీ మీది కాదు. ఎంఈవో (మండల విద్యాశాఖాధికారి) గారి నుంచి మాట రావాలి, ఆయనకు డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) కార్యాలయం నుంచి రావాలి. ఇక మూడోరకం ఒకటుంది. 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ (పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూసే జాతీయ సర్వే) లాంటివి దేశమంతా ఒకే రోజు, ఎంపిక చేసిన బడుల్లో జరుగుతాయి. అలాంటి దాంట్లో మీ బడి పడితే తేదీ గురించి ఆలోచించే పనే లేదు, ఆ రోజు ఇంకేదున్నా పక్కకు జరపండి.

కట్ట సంగతి చూడండి

ఉదయం వాన తెరిపి ఇవ్వగానే బడికి వెళ్ళి చూడాల్సింది ప్రశ్నపత్రాల కట్టను. సీలు ఉందా, తడిసిందా, ఎన్ని ఉన్నాయి. ఓఎంఆర్ షీట్లు చెమ్మ పట్టి వంకర తిరిగితే స్కానింగులో పనికిరావు, అందుకని ప్లాస్టిక్ కవరులో చుట్టి పై అరలో పెట్టండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేటల మీద పడినప్పుడు కింది అరల్లో ఉన్నదేదీ మిగల్లేదు. నీళ్ళు తీశాక ఒక బడిలో రిజిస్టర్లు ఆరబెట్టడానికి నేనూ సాయం వెళ్ళాను. అట్టలు ఊడి, సిరా కారి, దొంతరలు దొంతరలుగా అతుక్కుపోయాయి. ఏ పేజీ ఎవరిదో తెలియలేదు.

కట్ట సీలు తెరవకుండా ఉంటే పని సులువు, వాయిదా వేసిన రోజున అదే పేపరు వాడొచ్చు. షరతు ఒకటే, ఇంకెక్కడా ఏ బడీ ఆ పేపరు రాసి ఉండకూడదు. పక్క జిల్లాలో వాన లేదు, వాళ్ళు రాసేశారు అనుకోండి, సాయంత్రానికల్లా ఆ పేపరు ఫోన్లలో తిరుగుతుంది. 2024 డిసెంబరులో ఎస్‌ఏ-1 లెక్కల పేపరు పరీక్షకు ముందే యూట్యూబ్‌లో కనబడితే పై తరగతుల పరీక్షే వాయిదా వేయాల్సి వచ్చింది. మూడో తరగతి పేపరు కోసం ఎవరు యూట్యూబ్ చూస్తారంటారా? పిల్లాడు చూడడు. ట్యూషన్ మేడం చూస్తుంది.

సగం పరీక్షలో కరెంటు పోయో, గాలివాన వచ్చో ఆపాల్సివస్తే కట్ట తెరిచినట్టే లెక్క. ప్రశ్నపత్రాలు, జవాబుపత్రాలు రెండూ వెనక్కు తీసుకుని, లెక్కపెట్టి, కవరులో పెట్టి మీరూ ఇంకో టీచరూ సంతకాలు చేయండి. పిల్లలు అప్పటికే రాసిన జవాబులు దిద్దకండి, పారేయనూ వద్దు.

రాతలో పెట్టండి

ఫోనులో "సరే మాస్టారూ, ఎల్లుండి పెట్టేసుకోండి" అన్న మాటకు ఆర్నెల్ల తర్వాత విలువుండదు. ఆ మాట అన్న అధికారి బదిలీ అయిపోయి ఉంటారు. ఒక చిన్న ఉత్తరం చాలు:

"మండల విద్యాశాఖాధికారి గారికి. మా పాఠశాలలో ఫలానా తేదీన జరగవలసిన 3, 4, 5 తరగతుల గణితం పరీక్ష, కలెక్టరు వారు సెలవు ప్రకటించినందున జరగలేదు. ప్రశ్నపత్రాల కట్ట సీలు తెరవకుండా నా వద్ద భద్రముగా ఉన్నది. మొత్తం 64 మంది పిల్లలు రాయవలసి ఉన్నది. ఫలానా తేదీ, ఫలానా వారం, ఉదయం పూట నిర్వహించుటకు అనుమతింప కోరుచున్నాను."

తేదీ, కారణం, కట్ట పరిస్థితి, పిల్లల సంఖ్య, కొత్త తేదీ. ఈ ఐదూ ఉంటే మిగతా మర్యాదలు మీ ఇష్టం. కాపీ మీద ఎంఆర్‌సీ (మండల వనరుల కేంద్రం)లో ముద్ర వేయించుకోండి. వాట్సాప్‌లో పంపితే జవాబు వచ్చిన తెరను ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

కొత్త తేదీ ఎంచడం

చాలామంది ఇక్కడే తొందరపడతారు. వాన తగ్గిన మర్నాడే పరీక్ష పెట్టేస్తారు. పిల్లాడి ఇంట్లో ఇంకా బురద ఎత్తుతూ ఉంటారు, యూనిఫాం ఆరలేదు, అమ్మ నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో ఉంది. ఆ రోజు మీరు కొలిచేది వాడి లెక్కల్ని కాదు, వాడి నిద్రని. బడి తెరిచిన మొదటిరోజు మామూలు పాఠం చెప్పండి, రెండోరోజు పాతది తిరగేయించండి, మూడోరోజు పరీక్ష. ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన పేటల్లో వారం ఆగినా తప్పులేదు.

తర్వాత క్యాలెండరు ముందు పెట్టుకుని కూచోండి. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు కావాలంటుంది. పోయిన రోజుకు బదులు రెండో శనివారం బడి పెట్టమని ఆదేశం వస్తే అదే రోజు పరీక్ష పెట్టాలన్న ఆలోచన వస్తుంది. నేనైతే పెట్టను. శనివారం నో బ్యాగ్ డే అలవాటైన పిల్లలు, పైగా ఆ రోజు హాజరు పల్చగా ఉంటుంది. సగం మందికి మళ్ళీ విడిగా పెట్టాలి.

మన ఊళ్ళ సంగతులు కొన్ని ఉన్నాయి, పైనుంచి వచ్చే టైంటేబుల్‌లో అవి కనబడవు. డిసెంబరు, జనవరి ప్రాంతాల్లో భవానీ దీక్షల విరమణ రోజుల్లో విజయవాడ వన్‌టౌన్, కెనాల్ రోడ్డు, కుమ్మరిపాలెం వైపు ఆటోలు కదలవు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. ఆ చుట్టుపక్కల బడి అయితే ఆ మూడు రోజులూ వదిలేయండి. శివరాత్రికి గుంటూరు వైపు బడుల్లో కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళిన పిల్లలు మర్నాడు కూడా రారు, వచ్చినా బెంచీ మీద నిద్రపోతారు. రంజాన్ నెలలో ఐదో తరగతి పిల్లలు కొందరు రోజా ఉంటామని పట్టుబడతారు కాబట్టి పరీక్ష పొద్దున్నే, తొలి పీరియడ్‌లోనే పెట్టండి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాక 7.45కి బెల్లు, 12.30కి ఇంటికి. ఆ రోజుల్లో పది దాటాక రేకుల షెడ్డులో కూచున్న పిల్లాడికి ఏ ప్రశ్నా కనబడదు.

ఐదో తరగతి వాళ్ళకు ఇంకో చిక్కుంది. నవోదయ ఆరో తరగతి ప్రవేశపరీక్ష డిసెంబరులోనో జనవరిలోనో ఉంటుంది. గురుకులాల్లో ఐదులో చేరడానికి నాలుగో తరగతి పిల్లలు రాసే పరీక్షలూ ఉంటాయి. మద్దిరాల నవోదయలో సీటు రావాలని ఏడాదంతా తపించిన తల్లిదండ్రులున్నారు. వాళ్ళ పిల్లాడికి ముందురోజు మీ సమ్మేటివ్ పెట్టి ఉసురు పోసుకోకండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: రోజుకు ఒక్క పరీక్షే. రెండు రోజులు పోయాయి కదా అని పొద్దున తెలుగు, మధ్యాహ్నం లెక్కలు పెట్టేవాళ్ళున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లాడు మధ్యాహ్న భోజనంలో గుడ్డు తిని వచ్చాక రాసిన లెక్కలకూ, పొద్దున రాసిన లెక్కలకూ పోలికే ఉండదు. పక్క బడి వాళ్ళు పొద్దునే రాశారు మరి.

పేపరు బయటపడిపోతే: జంట పేపరు

ఎక్కువ ఓపిక కావలసిన పని ఇదే. అసలు పేపరు వాడే వీలు లేదు, పైనుంచి కొత్తది రాదు, మీరే తయారుచేసుకోమన్నారు. అప్పుడు చాలామంది గైడు తీసి పది ప్రశ్నలు ఎత్తి రాసేస్తారు. అలా చేస్తే అది వేరే పరీక్ష అయిపోతుంది. అసలు పేపరుకు కవలలాంటిది కావాలి.

అసలు పేపరు పక్కన పెట్టుకుని ప్రతి ప్రశ్న ఎదురుగా అది ఏం అడుగుతోందో ఒక్క ముక్కలో రాయండి. ఉదాహరణకు 62 లోంచి 38 తీసెయ్యమంటే, అది అడిగేది ఒకట్ల స్థానంలో అప్పు తెచ్చుకోవడం. దాని కవల 71 లోంచి 46. 68 లోంచి 32 పెడితే అప్పు అవసరమే లేదు, ప్రశ్న తేలికైపోయింది. 302 లోంచి 138 పెడితే మధ్యలో సున్నా వచ్చి కూచుంది, అప్పు ఇచ్చేవాడి దగ్గరే అప్పుకు డబ్బు లేదు, సగం తరగతి అక్కడే ఆగిపోతుంది. గుణకారమూ అంతే. "మిర్చి యార్డులో ఒక్కో బస్తా 45 కిలోలు, 3 బస్తాలు ఎన్ని కిలోలు?" అన్నదానికి "ఒక్కో బస్సులో 54 మంది, 3 బస్సుల్లో ఎంతమంది?" సరిపోతుంది. రెండింటిలోనూ చేతిలో ఒకటి మిగులుతుంది, జవాబు మూడంకెలే. 32 పెడితే చేతిలో ఏమీ మిగలదు.

తెలుగు పేపరుతో ఇంకా జాగ్రత్త. అసలు పేపరు పేరాలో అక్క, కప్ప, పువ్వు లాంటి ద్విత్వాలే ఉంటే మీ పేరాలోనూ అవే ఉండాలి. పుస్తకం, చంద్రుడు అని సంయుక్తాక్షరాలు దూర్చారా, మూడో తరగతికి మెట్టు పెరిగింది. రాష్ట్రం, స్త్రీ లాంటివి పెడితే చెప్పక్కర్లేదు. మనకు ఊరి మీద ప్రేమ, పేరా రాయమంటే చేయి కృష్ణ ఒడ్డుకే పోతుంది. నేనూ ఓసారి "కృష్ణమ్మ" అని మొదలుపెట్టాను. ఆ ఒక్క మాటలో వట్రసుడి, సంయుక్తం, ద్విత్వం మూడూ వరసగా నిలబడ్డాయి. దాని పక్కనే "ప్రకాశం బ్యారేజీ". రెండో తరగతి పిల్లల్లో నలుగురు ఆ మొదటి వాక్యం దాటలేదు. మర్నాడు పేరా మార్చి "మా ఊరి చెరువు" పెట్టాను. పేరా నిడివి కూడా మాటలు లెక్కపెట్టి చూసుకోండి. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లెక్కల్లో మూడో తరగతి పిల్లాడు నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలి. అసలు పేరా 50 మాటలైతే మీది 80 చేయకండి.

ఇంగ్లిషులో క్యాట్, పెన్ ఉన్నచోట సన్, బస్ సరిపోతాయి. నైఫ్ సరిపోదు, పలకని అక్షరం ముందు నిలబడి ఉంది. ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం)లో బొమ్మ ఉన్న ప్రశ్నకు బొమ్మ ఉన్న ప్రశ్నే ఇవ్వాలి, బొమ్మ తీసేసి మాటలతో అడగకూడదు.

ప్రశ్నల వరస కూడా అదే ఉంచండి. అసలు పేపరులో మొదటి రెండూ తేలికైనవైతే మీవీ తేలికైనవే ఉండాలి. చిన్నపిల్లలు మొదటి ప్రశ్న రాకపోతే పెన్సిలు చెక్కుకుంటూ కూచుంటారు.

పేపరు అయ్యాక ఒక పరీక్ష దానికీ పెట్టండి. అసలు పేపరు రాసేసిన పక్క బడి పిల్లలు నలుగురిని, ఒక చురుకైన వాడు, ఇద్దరు మధ్యరకం, ఒక వెనకబడిన పాప, పిలిపించి మీ పేపరు రాయించండి. వాళ్ళకు దాంట్లో వచ్చిన మార్కులకూ దీంట్లో వచ్చిన వాటికీ ఒకటి రెండుకు మించి తేడా రాకూడదు. వస్తే ఏ ప్రశ్న దగ్గర వచ్చిందో చూసి మార్చండి. అరపూట పని, బిస్కెట్ ప్యాకెట్ ఖర్చు.

ఒకటి, రెండు తరగతుల పరీక్ష చాలావరకు నోటితోనే కాబట్టి పేపరు బయటపడటం గురించి బెంగ అక్కర్లేదు. కాకపోతే రాసొచ్చిన అన్నయ్య ఇంట్లో తమ్ముడికి ప్రశ్నలన్నీ అప్పజెప్పి ఉంటాడు, చదివించే మాటల వరస మార్చండి చాలు.

కబురు చెప్పడం

మన భాషలో ఒక తంటా ఉంది. ఓ ఏడాది మా బడిలో "పరీక్ష రెండు రోజులు ముందుకు జరిపాం" అని గ్రూపులో పెట్టారు. సగం మంది తల్లులు రెండు రోజులు తర్వాత అనుకున్నారు, సగం మంది రెండు రోజులు ముందే అనుకున్నారు. ఇద్దరిదీ తెలుగే, ఇద్దరిదీ తప్పు కాదు. కాబట్టి ముందుకు, వెనక్కు, ఎల్లుండి, వచ్చేవారం ఇవేవీ వాడకండి. ఇలా రాయండి:

"లెక్కల పరీక్ష 12వ తేదీ మంగళవారం జరగడం లేదు. 15వ తేదీ శుక్రవారం ఉదయం 9.30కి జరుగుతుంది. పాఠాలు మారలేదు. పెన్సిలు, రబ్బరు తేవాలి. మిగతా పరీక్షల తేదీలు మారలేదు."

చివరి వాక్యం మర్చిపోతే ఆ సాయంత్రం మీకు ముప్పై ఫోన్లు వస్తాయి. ఫోను లేని ఇళ్ళ పిల్లల చేతి పుస్తకంలో రాసి పంపండి, గేటు బయట పలక మీదా రాయండి. ఆటో డ్రైవర్లకు, మధ్యాహ్న భోజనం వండే అక్కకు కూడా చెప్పండి. పాఠశాల కమిటీ చైర్మన్‌కు ముందుగా ఒక ఫోను చేస్తే, ఎవరైనా గొడవకు వచ్చినప్పుడు ఆయనే సర్దిచెబుతారు.

ఒక్క పిల్లాడికే మార్చాల్సి వస్తే

వానల కంటే ఇదే ఎక్కువగా వస్తుంది. "మా వాడికి అమ్మవారు పోసింది మాస్టారూ" అని నాయనమ్మ గేటు దగ్గర నిలబడుతుంది. ఆమె ఇంటి పద్ధతి ప్రకారం స్నానం పోసేదాకా పంపదు. వైద్యుల మాట ప్రకారమూ పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టేదాకా పంపకూడదు. ఇద్దరి లెక్కా దాదాపు ఒకటే కాబట్టి వాదించకండి. గవదబిళ్ళలకు వాపు మొదలైన దగ్గర్నుంచి ఐదు రోజులు దూరంగా ఉంచాలి. మెడికల్ సర్టిఫికెట్ కోసం కూలిపని మానుకుని తిరగమని అడగడం నాకు నచ్చదు. తల్లి సంతకంతో ఒక కాగితం సరిపోతుంది.

మిరప కోతల కాలంలో ఇంకోరకం పిల్లలుంటారు. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు, పల్నాడు చేలకు తల్లిదండ్రులతో పాటు వచ్చేస్తారు. ఫిబ్రవరిలో వచ్చి మీ బడిలో కూచున్న పిల్లాడికి ఎఫ్‌ఏ-4 తన ఊళ్ళో పోయింది, ఎస్‌ఏ-2కి ఇక్కడ ఉంటాడో లేదో తెలియదు. వాడి పాత హెచ్‌ఎంకు ఫోను చేసి, మీ దగ్గర రాయించి మార్కులు పంపుతానని చెప్పండి. రెండు నిమిషాల పని. నేను చేసిన అలాంటి ఫోన్లలో ఎవరూ కాదనలేదు.

వినికిడి, చూపు, బుద్ధిమాంద్యం సమస్యలున్న పిల్లలకు కొత్త తేదీ కూడా భవిత కేంద్రం (ఇలాంటి పిల్లల కోసం నడిపేది) టీచరుకు తెలియాలి. సాయానికి రావాల్సిన మనిషి పాత తేదీకి వచ్చి వెళ్ళిపోవడం నేను చూశాను.

రాయని పిల్లాడికి సున్నా వేయకండి. గైర్హాజరు వేరు, సున్నా వేరు. పరీక్ష పోతే పై తరగతికి పంపరేమోనని ఇంట్లో బెంగపెట్టుకుంటే చట్టం సంగతి చెప్పండి. ఒకటి నుంచి నాలుగు తరగతుల్లో పిల్లల్ని ఆపే ప్రసక్తే లేదు. 2019లో వచ్చిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల ఏడాది చివరి పరీక్ష గురించి. అక్కడ కూడా తప్పినవాడికి ఫలితం వచ్చాక రెండు నెలల్లోపు మళ్ళీ రాసే అవకాశం ఇవ్వాల్సిందే.

మార్కులు ఎక్కించేటప్పుడు

మీరు తేదీ జరిపారు గానీ ఆన్‌లైన్‌లో మార్కులు ఎక్కించే గడువు జరగలేదు. అనుమతి అడిగే ఉత్తరంలోనే గడువు పెంచమని ఒక వాక్యం కలపండి. రిజిస్టరులో అసలు పేపరు రాసినవాళ్ళ పేరు పక్కన ఏమీ రాయక్కర్లేదు, జంట పేపరు రాసినవాళ్ళ పక్కన "జం" అని పెన్సిలుతో రాయండి. వచ్చే ఏడాది టీచరు ఓ పాప లెక్కల మార్కులు ఎందుకు హఠాత్తుగా పెరిగాయో తెలుసుకోవాలంటే ఆ ఒక్క అక్షరమే దారి. జవాబుపత్రాలు, రెండు ప్రశ్నపత్రాలు, ఎంఈవో గారి అనుమతి కాగితం ఒకే కవరులో పెట్టి, పైన తరగతి, తేదీ రాసి బీరువాలో పెట్టండి. పై అరలో.